బొగ్గు బస్సూ, బెజవాడ మేస్త్రీ

మగవాళ్ళు నలుగురూ వసారాలో చేరి క్లచ్చి ప్లేటు, గేరుబాక్సు, సైలెన్సరు అంటూ మాటల్లో పడ్డారంటే మనం కాఫీ గ్లాసులు అక్కడ పెట్టేసి లోపలికి వచ్చేస్తాం. అది మన సంగతి కాదని మనకో నమ్మకం. నాకు మాత్రం చిన్నప్పటినించీ చెవి అటే ఉండేది. మా పుట్టింట్లో లారీ ఉండేది మరి. లారీ ఉన్న ఇంట్లో కూరలో ఉప్పు గురించి ఎంత మాట్లాడుకుంటారో క్రౌన్ పీనియన్ గురించీ అంతే మాట్లాడుకుంటారు.

అదీగాక, కంపెనీ చేసిచ్చిన బండికి మనకి కావలసిన సామాను విడిగా చేయించి బిగించుకునే ఆచారం ఎక్కడ పుట్టిందా అని వెతికితే ఒక ఇల్లాలి దగ్గర తేలుతుంది. ఆవిడ పేరు బెర్తా బెంజ్. జర్మనీ దేశంలో కార్ల్ బెంజ్ గారు మోటారు బండి తయారుచేసి, దాన్ని బయటికి తియ్యటానికి జంకుతూ కూర్చున్నారట. 1888 ఆగస్టులో ఒకనాడు ఆవిడ భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకులనీ ఎక్కించుకుని మాన్‌హైమ్ నించి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. ఇంధనం గొట్టంలో నలుసు అడ్డుపడితే టోపీకి పెట్టుకునే పిన్నుతో తీసింది. ఇంధనం అయిపోతే మందుల షాపులో కొంది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత వాటికి తోలు వేయించింది. ఎత్తులొచ్చిన చోట బండి ఎక్కలేకపోతే దిగి తోశారు. ఇంటికి తిరిగొచ్చాక మొగుడికి ఆవిడ చెప్పిన మాటల్లో ఒకటి, "దీనికి ఎత్తెక్కటానికి ఇంకో గేరు పెట్టాలి" అన్నది. ఆయన పెట్టాడు. పుట్టింటికి వెళ్ళాలన్న ఆడదాని పట్టుదల వల్ల ప్రపంచానికి ఎన్ని లాభాలు కలిగాయో ఎవరూ లెక్కవెయ్యలేదు గాని, ఇది ఒకటి.

గేరంటే ఏమిటో మన కుట్టుమిషను చూస్తే చాలు. కింద పెద్ద చక్రం, పైన చిన్న చక్రం. కింది పెద్దది ఒక్కసారి తిరిగేసరికి పైది గిర్రున నాలుగుసార్లు తిరుగుతుంది. సూది చకచకా దిగుతుంది గాని, దళసరి గుడ్డ అడ్డొచ్చిందంటే ఆగిపోతుంది. వేగం ఉంది, బలం లేదు. దాన్నే తిరగేసి, చిన్న చక్రంతో పెద్ద చక్రాన్ని తిప్పించండి. వేగం తగ్గి బలం పెరుగుతుంది. గేరుబాక్సులో ఉన్న పళ్ళ చక్రాలు చేసేది ఇంతే. ఎత్తుకి బలం, చదునుకి వేగం. ఇంజను మారిందంటే ఈ లెక్క అంతా మారిపోతుంది. మన బెజవాడ మేస్త్రీలు ఏళ్ళ తరబడి చేసింది ఈ లెక్కే. వాళ్ళలో చాలామందికి చదువు నాలుగో క్లాసు దాటలేదు.

ఈ లెక్క మన డెల్టాకి గట్టిగా వచ్చిపడింది రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో. అంతకుముందు 1855లో కృష్ణకి ఆనకట్ట పూర్తయినప్పటినించీ మన వాళ్ళకి ప్రయాణమంటే చాలావరకు కాలవ పడవే. మా అమ్మమ్మ అత్తవారింటికి మొదటిసారి వెళ్ళింది పడవలోనే. తరవాత బస్సులొచ్చాయి. బందరు రోడ్డు మీద బస్సు రుచి మరిగాక పడవ ఎక్కేదెవరు? సరిగ్గా అప్పుడు యుద్ధం వచ్చింది. 1941లో పెట్రోలుకి రేషను పెట్టారు. 1942లో బర్మా జపాను వాళ్ళ చేతిలోకి పోయింది, అక్కడినించి వచ్చే చమురు ఆగింది. ఆ ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. బస్సుకి పెట్రోలు ఎవరిస్తారు?

అప్పుడొచ్చింది బొగ్గు బస్సు. మా అమ్మమ్మ ఉయ్యూరు నించి బెజవాడకి అందులోనే వచ్చేది. బస్సు వెనకాల నిలువెత్తు ఇనప పీపా ఒకటి బిగించేవారు. అందులో బొగ్గులు పోసి, కింద నిప్పు రాజేసి, క్లీనరు కుర్రాడు ఒక చక్రం పట్టుకుని తిప్పుతూ గాలి కొట్టేవాడు. పావుగంట, ఇరవై నిమిషాలు అలా కొట్టాక గాని బస్సు కదిలేది కాదు. ప్రయాణీకులు తాంబూలాలు వేసుకుంటూ కూర్చునేవారట. "ఇస్త్రీపెట్టె వెనకాల కూచుని వచ్చినట్టుండేదే" అనేది అమ్మమ్మ. తెల్లచీర కట్టుకుని ఎక్కితే దిగేసరికి బూడిద రంగు.

ఇంతకీ ఆ పీపాలో జరిగేదేమిటి? బొగ్గు బాగా గాలి తగిలి మండితే వేడి తప్ప ఇంకేమీ మిగలదు. గాలి చాలీచాలకుండా ఇస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. అది మండుతుంది. దాన్ని గొట్టాల్లో చల్లార్చి, బూడిద పోయేలా వడకట్టి, పెట్రోలు ఆవిరికి బదులు ఇంజనుకి పంపిస్తారు. బాలింత గదిలో కుంపటి పెట్టినప్పుడు తలుపు ఓరగా తెరిచి ఉంచమని మన పెద్దవాళ్ళు చెప్పేది ఈ వాయువు గురించే. దానికి రంగు లేదు, వాసన లేదు, మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. అలాంటి దాన్ని పట్టి బందరు రోడ్డు మీద బస్సు నడిపించారు!

ఇలా కంపెనీ పెట్రోలు కోసం చేసిన ఇంజనుకి బొగ్గు వాయువు పెడితే దాని బలంలో మూడో వంతు పోతుంది, ఒక్కోసారి సగం పోతుంది. కొండ ప్రాంతాల్లో అయితే జనాన్ని దింపి తోయించాలి. మన డెల్టాలో కొండలు లేవు కాబట్టి బతికిపోయాం. అయినా కాలవ వంతెనలున్నాయిగా. వంతెన మీదికి ఎక్కే ఆ కాస్త ఎత్తుకే బస్సు ఆయాసపడిపోయేదట. డ్రైవరు ముందే కింది గేరు వెయ్యాలి. ఆ కాలపు గేర్లు ఇప్పటిలా మెత్తగా పడేవి కావు. ఒకసారి క్లచ్చి తొక్కి గేరు విడదియ్యాలి, మళ్ళీ తొక్కి, ఇంజను వేగం సరిచూసి, రెండో గేరులో వెయ్యాలి. ఒక్క క్షణం అటూఇటూ అయితే పళ్ళు కొరికిన చప్పుడు. అమ్మమ్మ ఆ చప్పుడు విని, "గేరు పడలేదు, ఇహ దిగండర్రా" అని పక్కవాళ్ళకి చెప్పేదట. డ్రైవరుకంటే ముందు ఆవిడకే తెలిసేది.

ఆ పీపా ఊడకుండా, వాయువు కారకుండా రోజూ చూసుకున్నవాళ్ళెవరు? గొట్టం జాయింటు దగ్గర సందు మిగిలితే వెనక సీట్లో కూర్చున్నవాళ్ళకి తలనొప్పి, వాంతులు. వడపోత సరిగా లేకపోతే బూడిద లోపలికి పోయి సిలిండరు అరిగిపోతుంది. ఇవన్నీ చూసుకుంది షెడ్డులో మేస్త్రీలూ, వాళ్ళ దగ్గర పని నేర్చుకునే పన్నెండు పదమూడేళ్ళ పిల్లలూ. పొద్దున్నే పీపాలో తల దూర్చి బూడిద తోడే పని ఆ పిల్లలదే. యుద్ధ చరిత్ర పుస్తకాల్లో దొరల పేర్లుంటాయి. డెల్టాకి బియ్యం, పెళ్ళివారు, టపా అందించిన ఆ పిల్లల పేర్లు ఒక్కటీ కనపడదు. నాకు ఇదెప్పుడూ మనసులో గుచ్చుకునే సంగతే.

యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వదిలేసిన లారీలు వేలానికి వచ్చాయి. వాటిని "డిస్పోజల్స్ లారీలు" అనేవారు. ఫోర్డు, షెవర్లే, డాడ్జి, ఫార్గో. అన్నీ అమెరికా లెక్కలతో తయారై, పెట్రోలు నీళ్ళలా తాగేవి. డీజిలు చవక. పెర్కిన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ 1930లలోనే పి6 అనే ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను తెచ్చింది. దాన్ని తరవాత మద్రాసులో సింప్సన్ కంపెనీ తయారుచేసింది. పెట్రోలు ఇంజను తీసేసి ఆ స్థానంలో ఇది పెట్టుకుంటే లారీ యజమాని నాలుగు డబ్బులు కళ్ళచూస్తాడు. చెప్పటానికి ఒక వాక్యమే గాని, పెట్టటం అంత వాక్యంలో అయ్యేది కాదు.

మా పెద్దనాన్నగారి ఫార్గోకి డీజిల్ ఇంజను పెట్టించినప్పుడు నాకు పదేళ్ళుంటాయి. మూడు వారాలు షెడ్డులో ఉంది. రోజూ సాయంత్రం పెద్దనాన్న వెళ్ళి, "ఏమయ్యా మేస్త్రీ, కుదిరిందా?" అనేవారు.

"ఇంజను కుదిరిందండీ. గేరుబాక్సే ఒప్పుకోవటం లేదండి" అనేవాడు మేస్త్రి, అదేదో పెళ్ళి సంబంధం అయినట్టు.

నిజానికి సంబంధమే. ఇంజనుకీ, గేరుబాక్సుకీ మధ్య క్లచ్చి ఉండే హౌసింగులో బోల్టు రంధ్రాలు ఒకదానికొకటి కలవ్వు. ఒకటి అమెరికాది, ఒకటి ఇంగ్లండుది. మధ్యలో ఒక ఇనప పళ్ళెం చేయించాలి. ఒకవైపు రంధ్రాలు దీనికీ, రెండోవైపు రంధ్రాలు దానికీ సరిపోవాలి. మేస్త్రి దానికి కొలతలు ఎలా తీశాడో నేను కళ్ళారా చూశాను. హౌసింగు అంచుకి గ్రీజు రాసి, దానిమీద దళసరి కాగితం పరిచి, చిన్న సుత్తితో అంచెంబడి టకటకా కొట్టాడు. కాగితం మీద రంధ్రాలన్నీ ముద్ర పడ్డాయి. మా అమ్మ జాకెట్టుకి ముందు కాగితం కత్తిరించుకునేది, అచ్చం అలాగే. ఆ కాగితాన్ని లేతు మిషను దగ్గరికి పంపాడు.

అక్కడితో అయిందా? రెండు ఇరుసులూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే గీతలో ఉండాలి. లేకపోతే నాలుగు రోజుల్లో బేరింగు ఏడుపు మొదలెడుతుంది. డీజిల్ ఇంజను బరువెక్కువ, కాబట్టి ముందు కమాన్లలో ఒక పట్టీ అదనం. సైలెన్సరు గొట్టం పాత దారిలో పోతే కొత్త డీజిల్ ట్యాంకుకి ఆనుకుంటుంది, కాబట్టి దాన్ని కాల్చి, వంచి, వేరే దారి చూపించాలి. అన్నిటికీ మించి, డీజిల్ ఇంజను పెట్రోలు ఇంజనంత వేగంగా తిరగదు. పాత పళ్ళ లెక్కతో వదిలేస్తే లారీకి బలం ఉంటుంది గాని ఎద్దుబండిలా నడుస్తుంది. అందుకని వెనక ఇరుసులో ఉండే క్రౌన్ పీనియన్ జత మార్చాలి, పళ్ళ లెక్క వేరేది. అది దొరికేదాకా పాత ఇనప కొట్లన్నీ తిరిగారు. ఒక సామాను మారిస్తే ఆరు సామాన్లు మార్చాల్సి వస్తుందన్నది నాకు ఆ మూడు వారాల్లో తెలిసింది. వంటింట్లో పొయ్యి మార్చి చూడండి, గిన్నెలు కూడా మార్చుకోవాల్సి వస్తుంది.

లారీ తిరిగొచ్చిన రోజు పెద్దమ్మ దానికి గుమ్మడికాయ దిష్టి తీసింది. మేస్త్రికి పంచెల చాపు పెట్టారు. మేస్త్రి భార్యకి మాత్రం ఎవరూ ఏమీ పెట్టలేదు. ఆ గ్రీజు బట్టల్ని కిరసనాయిల్లో నానేసి, చాకలి సోడాతో ఉతికి, మళ్ళీ మర్నాటికి ఆరేసింది ఆవిడే కదా!

బస్సుల సంగతి వేరే దారి పట్టింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. కృష్ణా జిల్లాలో ప్రైవేటు బస్సుల రూట్లు తీసుకోబోతే, యజమానులు సుప్రీం కోర్టుకి ఎక్కారు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసని లా చదివే పిల్లలు ఇప్పటికీ చదువుతారు. అభ్యంతరాలు విన్నది కార్యదర్శి, నిర్ణయించింది ముఖ్యమంత్రి, విన్నవాడే తీర్పు చెప్పాలి గదా అని 1958 నవంబరులో జస్టిస్ కోకా సుబ్బారావు గారి మెజారిటీ తీర్పు. అంతట ముఖ్యమంత్రే స్వయంగా కూర్చుని విన్నారు. 1959లో కోర్టు మళ్ళీ అడ్డు చెప్పలేదు. మన బందరు రోడ్డు బస్సులవల్ల దేశానికంతకీ ఒక న్యాయసూత్రం దక్కిందన్నమాట. బస్సులు పోయినా పానాలు పట్టిన చేతులు ఊళ్ళోనే ఉండిపోయాయి, లారీల వైపు మళ్ళాయి అని నా ఊహ.

మళ్ళటానికి తగ్గ ఊరే. 1957లో ప్రకాశం బారేజి వచ్చింది. మద్రాసు నించి కలకత్తా పోయే రోడ్డూ, హైదరాబాదు నించి బందరు పోయే రోడ్డూ బెజవాడలోనే కలుస్తాయి. అప్పట్లో వాటిని 5, 9 నంబర్లనేవారు, ఇప్పుడు 16, 65 అంటున్నారు. 1960లలో ఊరికి తూర్పున జవహర్ ఆటోనగర్ వెలిసింది. మీలో ఎవరైనా అటు వెళ్ళి ఉంటే చూసే ఉంటారు. ఒక వీధిలో కమాన్లు, ఒక వీధిలో రేడియేటర్లు, ఒకచోట గేరుబాక్సులు విప్పి పళ్ళ చక్రాలని వడియాల్లా వరసగా ఆరబెట్టి ఉంటాయి.

అక్కడికి చాలాకాలం లారీ అన్నది పూర్తిగా వచ్చేది కాదు. కంపెనీ అమ్మేది చాసిస్ మాత్రమే. జంషెడ్‌పూర్‌లో టాటా, మద్రాసు దగ్గర ఎన్నూరులో లేలాండు. నాలుగు చక్రాల మీద ఇంజను, రెండు ఇనప దూలాలు, ఒక సీటు. తలుపు లేదు, పైకప్పు లేదు. డ్రైవరు మొహానికి తువ్వాలు చుట్టుకుని, ఎండా వానా తింటూ వందల మైళ్ళు తోలుకొచ్చేవాడు. హైవే మీద అలా అస్థిపంజరాల్లా పోయే లారీలు నాకు బాగా జ్ఞాపకం. ఆటోనగర్‌లో వడ్రంగులు చెక్క కోసి, కమ్మరులు ఇనుము వంచి, పెయింటరు లక్ష్మీదేవినీ, నిమ్మకాయనీ రాసి, అప్పుడు దాన్ని లారీ చేసేవారు. సగం కంపెనీ, సగం బెజవాడ. కంపెనీ నించి వచ్చినదాన్ని ముట్టుకోకూడదన్న మాట అప్పట్లో ఎవరైనా అని ఉంటే ఆటోనగర్ అంతా నవ్వి ఉండేది.

ఇప్పుడు ఆ మాట చట్టమే అంటోంది. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ప్రకారం బండి స్వరూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019లో సుప్రీం కోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం వచ్చిన సవరణలో మార్పు ఒక్కింటికి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని చేర్చారు. బస్సు బాడీకీ, లారీ బాడీకీ నియమావళులు వచ్చాయి. కాగితం మీద ముద్ర కొట్టి కొలత తీసే మేస్త్రికి ఇందులో చోటు ఎక్కడ?

కుర్రాళ్ళ సైలెన్సర్ల విషయంలో మాత్రం నేను పోలీసుల పక్షమే. ఏమాటకామాటే చెప్పుకోవాలి. 1897లో అమెరికాలో రీవ్స్ అన్నదమ్ములు సైలెన్సరుకి పేటెంటు తీసుకున్నారు. దానిలో గదులూ, చిల్లుల గొట్టాలూ ఉంటాయి. ఇంజను నించి తూటాలా దూకే పొగ వాటిల్లో తిరిగి తిరిగి నెమ్మదిస్తుంది. ఆ లోపలి గొట్టం పీకేసి, లేదా సంతలో దొరికే ఖాళీ గొట్టం తగిలించి, అర్ధరాత్రి వీధిలో ఢాం ఢామ్మని తిరిగితే బండి వేగం పెరుగుతుందని కుర్రాళ్ళ భ్రమ. పెరిగేది చప్పుడే. చంటిపిల్లని జోకొట్టి అప్పుడే పడుకోబెట్టిన తల్లిని అడగండి ఎంత పెరిగిందో. హైదరాబాదులో, విశాఖపట్నంలో పోలీసులు అలాంటి సైలెన్సర్లన్నీ రోడ్డు మీద పరిచి రోడ్డు రోలరు ఎక్కించారు. నాకు జాలెయ్యలేదు. కాని డెల్టాని నడిపించిన బిగింపునీ, ఈ ఢాంఢాం బిగింపునీ ఒక్క సెక్షనులో కట్టెయ్యటం చూస్తే మాత్రం మనసు ఒప్పుకోదు.

ఇంకో చిత్రం చూడండి. 1995 ఏప్రిల్ నించి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్ల సైలెన్సరు దారిలో క్యాటలిటిక్ కన్వర్టరు అనే డబ్బీ ఉండి తీరాలన్నారు. తరవాత దేశమంతా వచ్చింది. అందులో పూత ప్లాటినం, పల్లాడియం, రోడియం. మన మెళ్ళో బంగారంతో పోటీపడే లోహాలు. వాటికోసం డబ్బీని కోసుకుపోయే దొంగలు ఊరూరా ఉన్నారు. ఇంత ఖరీదు పెట్టి అది చేసే ముఖ్యమైన పని ఏమిటంటే, కార్బన్ మోనాక్సైడ్‌ని బయటికి రాకుండా లోపలే మార్చెయ్యటం. మా అమ్మమ్మ బస్సుని ఉయ్యూరు నించి బెజవాడకి లాక్కొచ్చింది ఆ వాయువే కదూ!

2020 ఏప్రిల్ నించి వచ్చిన బిఎస్-6 లారీల్లో సంగతి ఇంకా తమాషాగా ఉంది. పొగని శుద్ధి చెయ్యటానికి చాలా లారీల్లో యూరియా ద్రావణం పోస్తారు, నూటికి ముప్ఫై రెండున్నర పాళ్ళు యూరియా. మనం వరి చేలో చల్లే యూరియా జాతే, ఇంకా శుద్ధి చేసింది. సైలెన్సరు దారిపొడుగునా సెన్సార్లుంటాయి. మేస్త్రి తనకి తోచిన గొట్టం బిగిస్తే డ్రైవరు ముందు ఎర్రదీపం వెలుగుతుంది, ఇంజను బలం తగ్గించుకుని కుంటుతుంది. పూర్వం చెవి పెట్టి విని రోగం చెప్పే మేస్త్రి కొడుకు ఇప్పుడు ల్యాప్‌టాప్ తగిలించి చూస్తున్నాడు. అది నేర్పే బడి ప్రతి షెడ్డు పక్కనా ఉండాలని నేనంటాను. నేర్పకుండా జరిమానా వెయ్యటం ఎవరైనా చేస్తారు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఈ చేతుల విలువ అందరికీ తెలిసొచ్చింది. స్కూటర్లు, ఆటోలు, కార్లు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. మా మేనల్లుడి ఆటో కూడా. నీళ్ళు తీశాక వాడు ఆత్రంగా స్టార్టు చెయ్యబోతే మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు బాబూ, లోపల నీళ్ళున్నాయి, రాడ్డు వంగిపోద్ది." ముందు సైలెన్సరు విప్పి బోర్లించాడు, బురద కారింది. గేరుబాక్సు కింది బోల్టు తీస్తే ఆయిలు పాలెక్కువైన టీలా వచ్చింది. కడిగి, కొత్త ఆయిలు పోసి, కాస్సేపు తిప్పి, మళ్ళీ తీశాడు. మళ్ళీ టీయే. మూడోసారి పోసిన ఆయిలు వేలితో రాసుకుని, ఎండకేసి పట్టి చూసుకుని, అప్పుడు తాళంచెవి వాడి చేతికిచ్చాడు.